అతుకు మీద అతుకు

టీవీలో ఆగయ్య పేరు ఆ రోజు కూడా లేదు.

సూరత్ పక్కన సచిన్‌లో నూరు మరమగ్గాల షెడ్డు అది. అక్కడ మగ్గం అనరు, సాంచా అంటారు. పొద్దుటి పాళీకి ముందు తలుపు పక్క గోడకు బిగించిన టీవీలో పేర్లు వస్తాయి. ఎవరికి ఏ సాంచాలో, ఏ సాంచా మీదికి పడుగు నూలు చుట్టిన ఏ బీము ఎక్కాలో అన్నీ అందులోనే. దీపావళి దాకా ఆ మాట మాస్టర్ నోటి నుంచి వచ్చేది. ఇప్పుడు ఏదో కంపెనీ కంప్యూటర్ నుంచి వస్తుంది. సాంచాలు నడిపే కారీగర్లు దాన్ని డబ్బా అంటారు. మాస్కులు గడ్డం కిందికి లాక్కొని, తలలెత్తి, పేరు వెతుక్కుంటారు.

ముత్యం పేరు ఉంది. ఎనిమిది సాంచాలు. అతను తన పేరు చూసుకొని కింది దాకా పోయి, మళ్లీ పైకి వచ్చి, ఇంకోసారి కిందికి పోయాడు. పక్కన నిలబడ్డ ఆగయ్య కూడా అదే చేస్తున్నాడని తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఉందా బావా?" అన్నాడు ఆగయ్య.

"లేదు."

"సరింగ చూసినవా?"

"నీకు కండ్లు లేవా."

"ఆగయ్య మామది డబ్బాల కాదు, పంచాంగంల చూడాలె," అన్నాడు వెనక నుంచి బిక్షపతి. "యోగం ఉన్ననాడు అదే అస్తది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆగయ్యా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా చులకనైపోతానని నవ్వాడు.

రోగం రెండోసారి వచ్చింది. బట్టల మార్కెట్లు మూశారు. సేఠ్ సగం సాంచాలు ఆపేశాడు. ఒడియావాళ్లు చాలామంది రైలెక్కి వెళ్లిపోయారు, అయినా మిగిలిన మనుషులకు మిగిలిన సాంచాలు చాలడం లేదు. దిగిన మీటరుకే కూలి. సాంచా లేనివాడికి ఆ రోజు లేనట్టే. ఆగయ్యకు రెండు వారాలుగా రోజులు లేవు.

ఆగయ్య పోయి మాస్టర్ పరమేశ్వర్ ముందు నిలబడ్డాడు. పరమేశ్వర్ స్టూలు మీద కూర్చొని స్పానర్ తుడుస్తున్నాడు.

"నన్నేం జూస్తవ్. దాన్ని అడుగు," అన్నాడు గడ్డంతో టీవీని చూపిస్తూ. "నేను చెప్పిననాడు నన్ను తిట్టిర్రి. పరమేశ్వర్ తనోళ్లకు ఇస్తడు అన్నరు. ఇప్పుడు దానికి సుట్టాలు లేరు, పక్కాలు లేరు. ఇంక మీకేం కావాలె?"

"జర రెండు సాంచాలన్న ఇప్పియ్యి."

"నేను చెయ్యి పెడితె సేఠ్ మొబైల్ల ఎర్రగ కనవడ్తది. పో, ఇంటికి పో. ఈడ గుంపు కట్టద్దు."

ఆగయ్య ఇంటికి పోలేదు. పోతే భార్య చిన్నవ్వ అడుగుతుంది. సాంచాల మధ్య సందుల్లో తిరిగాడు. ముత్యం సాంచా ఒకదాని మీద పోగు తెగింది. ముత్యం నాలుగు సాంచాల అవతల అడ్డపోగు కండె మారుస్తున్నాడు. అతను వచ్చేసరికి ఆగయ్య సాంచా ఆపి, వేలికొసకు ఉమ్మి తడి చేసుకొని, తెగిన కొసలు దొరకబుచ్చుకొని మెలి తిప్పి ముడి వేసి, కొక్కెంతో దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి పోగును లాగుతున్నాడు. హ్యాండిల్ వేశాడు. సాంచా మళ్లీ మోత అందుకుంది. దిగే ప్రతి మీటరూ ముత్యం పేరున దిగుతోంది.

"కూసోరాదు," అన్నాడు ముత్యం.

"కూసుంటె చేతులు మరిచిపోతయి."

ముత్యానికి మెడ వెనక దురద పెట్టినట్టయింది. డబ్బా వెనక ఉన్నది తన బిడ్డ అని అతను షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. నీరజే వద్దంది. చెబితే తెల్లారి మన గడప ముందు లైన్ కడతారు, నా నౌకరి పోతుంది అంది. నిజమే. అందుకే నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోటితో రెండు వారాలు ఆగయ్య పక్కన నిలబడి లేని పేరు వెతికాడు.

*

సూరత్ శివారు వడోద్‌లో వాళ్లది ఒకటే గది. కర్ఫ్యూకు ముందే ముత్యం ఇల్లు చేరాడు. తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. ఫ్యాను గాలి మనుషుల మీదికి కాక, చాప మీది లాప్‌టాప్ మీదికి తిప్పి ఉంది. నీరజ దాని ముందు కూర్చొని బొటనవేలి పక్క తోలు కొరుకుతోంది.

"బట్టలు బకెట్ల వెయ్యి బాపు. ముందుగాల చేతులు," అంది తలెత్తకుండా.

అతను చేతులు కడుక్కొని వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఆగయ్య పేరు ఎందుకు రాదు?"

ఆమె వేళ్లు ఆగాయి. "వస్తలేదా?"

"రెండు వారాలాయె."

"నువ్వు చెప్పలే."

"నువ్వే గద చెప్పద్దన్నవ్."

"ఇంటి ముచ్చట షెడ్డుల చెప్పద్దన్న. షెడ్డు ముచ్చట ఇంట్ల చెప్పద్దన్ననా?"

"యాడ రాసినవో చూసి తీసెయ్యి," అన్నాడు.

నీరజ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. లాప్‌టాప్ తండ్రి వైపు తిప్పి వేలితో పైకి తోసింది. గీతలు, బ్రాకెట్లు, అంకెలు పరుగెత్తాయి. ఆమె తోస్తూనే ఉంది. అవి వస్తూనే ఉన్నాయి. వాననీటి కాలువలో కొట్టుకుపోయే చెత్తలా ఉంది అతనికి.

"ఇదంత నువ్వే రాసినవా?"

"ఒక్క లైన్ రాయలే. ఎవ్వలు రాయలే. పుట్టింది."

"తల్లి లేక పుట్టిందా?"

"తల్లి, తండ్రి, తాత, ముత్తాత అందరున్నరు. మొదట్ల వెయ్యి ప్రోగ్రాములను కంప్యూటర్ గుడ్డిగ పుట్టిస్తది. చిన్నచిన్నయి, పిచ్చియి. ఒక్కొక్కదాన్ని మీ షెడ్డు పాత లెక్క మీద నడిపిస్త. దేంతోని ఎక్కువ మీటర్లు దిగుతయో అది బతుకుతది. కడమయి పోతయి. బతికినయి రెండు తీసుకొని, ఇది సగం, అది సగం ఇరిచి అతికిస్త. పిల్లలైతయి. మల్ల పరీక్ష. బస్, గంతే."

"మంచియే బతుకుతున్నయి గద. మరి ఇంత చెత్త ఎందుకున్నది?"

"గదే నా తలనొప్పి. మంచిగైతదో లేదో గని, పెద్దగ మాత్రం అయితది. ఎవలు చేసినా అయితది. కాలేజీల గూడ గిట్లనే చెప్పిర్రు."

"ఎందుకయితది?"

నీరజ చుట్టూ చూసింది. దండెం మీద ఆరేసిన చేతిరుమాలు, దాని పక్కన చీర కనిపించాయి. తల్లి చీర. ఏడాది కావస్తున్నా అది దండెం మీద నుంచి పెట్టెలోకి పోలేదు.

"రుమాలు నిండ పూలున్నయి అనుకో. కండ్లు మూసుకొని కత్తెర పెట్టు. యాడ పెట్టినా పువ్వు తెగుతది. అవునా? చీరంత ఉత్తది, ఒక్క మూలకే పువ్వున్నది అనుకో. కత్తెర యాడ పడ్తది?"

"ఉత్త కాడ."

"పువ్వు బతికింది. నేను ఇరిచి అతికిచ్చేది గుడ్డి కత్తెర. అన్నీ పనికొచ్చే ముక్కలే ఉన్న చిన్న ప్రోగ్రాము యాడ ఇరిగినా కుంటిదైతది. ఉత్త ముక్కలు కుప్పలున్నది ఇరిగితే దెబ్బ ఉత్తదాని మీద పడ్తది. దాని పిల్ల తల్లి లెక్కనే మంచిగుంటది. అందుకే చెత్త మోసేదే బతుకుతది. చెత్తకు నేను మార్కులు ఇయ్య. అయినా అదే గెలుస్తది."

"ఆ చెత్త తీసేస్తె?"

"తీసుడు కష్టం, పెట్టుడు అల్కగ. ఉత్త జాగల ఎంత పెట్టినా ఏం కాదు. తీసేటప్పుడు జర ఎక్కువ తెగితె పువ్వు పోతది. అందుకే పెట్టుడే నడుస్తది." ఆమె బొటనవేలు మళ్లీ నోట్లోకి పోయింది. "ఇంకోటి గూడ ఉన్నది. ఒక్క పనిని చిన్నగ చేసే తొవ్వలు పది ఉంటె, పెద్దగ చేసే తొవ్వలు లక్ష. చీకట్ల తడిమితె చెయ్యి దేని మీద పడ్తది?"

బయట సచిన్ రోడ్డు మీద అంబులెన్స్ పోయింది.

"మా కంపెనీ సర్ సోమవారం లోపు దీన్ని చిన్నగ చెయ్యమన్నడు," అంది నీరజ. "పేర్లు వచ్చుడు వారం వారం లేటైతున్నది. ఏ ముక్క పని చేస్తదో, ఏది ఉత్తదో నాకే తెల్వదని ఆయనకు తెల్వది. తెలిస్తె పొమ్మంటడు."

"అందరియి పెద్దగైతయి అంటివి. మరి కడమోళ్లు ఎట్ల చేస్తున్నరు?"

ఆమె స్క్రీన్ మీది గీతలను మళ్లీ కిందికి తోసింది.

"వాళ్లు ఎప్పటికప్పుడు మొదటికెల్లి మొదలు పెడ్తరు. నేను పెడ్తలే. పోయిన నెల గెలిచినదాన్నే తీసుకొని దానికే అతుకుతున్న. అతుకు మీద అతుకు. నువ్వు చెప్పినట్టే."

ముత్యం చెప్పిన మాటే అది. బీము అయిపోవచ్చినప్పుడు నేతగాడు పోగులను మొదలుకంటా కొయ్యడు. అచ్చులో మూరెడు కొసలు విడిచి కోస్తాడు. కొత్త బీము పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటే ముడేస్తాడు. లాగితే కొత్తది పాతదాని దారినే నడిచిపోతుంది. కొస విడవకుండా కోసినవాడు వేల పోగులను అచ్చు కంటికంటికీ మళ్లీ ఎక్కించాలి. అలా కోసినవాణ్ని సాలెవాడు మనిషిగా లెక్కపెట్టడు. దీపావళి తర్వాత నీరజ ఈ పని గురించి చెబుతుంటే, అర్థమైనంతలో అతను అదే అన్నాడు. అచ్చుల కొస ఉంచుకో బిడ్డ, ఉత్తగ మొదటికి పోవద్దు. చెప్పినందుకు ఆ రోజు గర్వపడ్డాడు కూడా.

"నేను సాంచా మీది ముచ్చట చెప్పిన," అన్నాడు.

"నువ్వు అట్ల చెప్పలే బాపు. చదువుకైనా గిదే అన్నవ్."

*

మరునాడూ ఆగయ్య పేరు రాలేదు. ఆ రోజు ఆగయ్య నవ్వలేదు కూడా. ముత్యం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నీరజ పొద్దున వండిన అన్నం గిన్నె మూత తీయకుండానే ఉంది.

"మన షెడ్డు లెక్కంత దీంట్ల పెట్టిన," అంది. "ఒక్కో ముక్క కోస్త, ఆగయ్య మామ పేరు వస్తదా చూస్త. రాకుంటె మల్ల పెడ్త."

అతను పక్కన కూర్చున్నాడు. ఆమె ఒక ముక్క కోసింది. లాప్‌టాప్ బుసకొట్టి, కాసేపటికి పేర్ల పట్టీ చూపించింది. ఏ మార్పూ లేదు. ఇంకో ముక్క. మార్పు లేదు. చారెడంత ముక్క, బెత్తెడంత ముక్క, ఏది కోసినా డబ్బా అదే పాట పాడుతోంది. ఇంత బరువు దేనికి మోస్తుందో ముత్యానికి అర్థం కాలేదు. పని చెయ్యని నోళ్లన్నీ ఇంట్లో పెట్టుకున్నట్టుంది.

"అగో," అంది నీరజ.

ఈసారి పట్టీలో ఆగయ్య పేరు ఉంది. ఆరు సాంచాలు. కానీ ఒకే సాంచా ఇద్దరికి పడింది. నాలుగు సాంచాలు ఎవరికీ పడలేదు. గణపతి అనే ఇంకో కారీగర్ పేరు మూడుసార్లు వచ్చింది.

ఆమె కోసిన ముక్కను పెద్దగా చేసి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది. చాలాసేపు చదివింది.

"సాంచాలు సగానికి తక్కువ నడిస్తేనే ఈ ముక్క లేస్తది. కడమప్పుడు పండుకుంటది. మొదటి నెల నేను పోయినేడు లెక్క మీద పరీక్ష పెట్టిన. లాక్‌డౌన్ ఎత్తేసినంక సగమే నడిచినయ్ గద, అప్పటి లెక్క. అప్పుడు ఇది పనికొచ్చింది. తర్వాత సాంచాలన్నీ నడిచినయ్. ఇది పండుకున్నది. పండుకున్నదాన్ని ఎవలు పరీక్ష పెట్టలే. దాంట్ల చెత్త ఇష్టమున్నట్టు పెరిగింది. మొన్న సేఠ్ సగం బంద్ చేసిండు, లేచింది."

"లేచి ఏమంటది?"

"పోయినేడు రోగం దినాలల్ల ఎవలు నాగాలు పెట్టిర్రో చూస్తది. మొదట్ల వాళ్లకు జర తక్కువ సాంచాలు అని ఉన్నట్టున్నది. ఇప్పుడు అసలే వద్దంటున్నది. ఆగయ్య మామవి అందరికంటె ఎక్కువ నాగాలు."

ముత్యం గోడ వైపు చూశాడు.

ఆ రోజుల్లో ఆగయ్య ఎక్కడున్నాడో అతనికి తెలుసు. భార్య మంగను దవాఖానలో వేశారు. ముత్యాన్ని ఇంకో వార్డులో వేశారు. నీరజను గదిలో పెట్టి బయట కాగితం అంటించారు. గేటు బయట నిలబడింది ఆగయ్య. లోపలికి పోయే ఆయమ్మను బతిమాలి గంజి పంపింది ఆగయ్య. మంగ పోయాక, తాకేవాడు లేక, ప్లాస్టిక్ సంచి వెంట బండిలో పోయింది ఆగయ్య. షెడ్డు లెక్కలో ముత్యానికి బీమారి అని పడింది. ఆగయ్యకు రోగం లేదు కనుక నాగా అని పడింది.

"నాకెందుకు పడలే?" అని అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు.

"నీది బీమారి కదా. దాన్ని నాగా కింద పట్టదు."

ఆగయ్య ఆ రోజుల్లో ఎక్కడున్నాడో నీరజకు కూడా తెలుసు. ఆమె గిన్నె మూత తీసి కంచంలో అన్నం పెట్టింది. ఇద్దరూ తినలేదు.

"దీన్ని తీసేస్తె?"

"చూసినవ్ గద. ఒక్క సాంచా ఇద్దరికిస్తది. దీని తోకకు ఇంకా ఏమేమో ఏలాడుతున్నయి."

"మరి ఒక్క లైన్ రాయి. ఆగయ్యకు సాంచాలియ్యాలె అని రాయి. నీకు రాస్తందుకు రాదా?"

"ఇంకోటి అతుకుమంటవ్."

"అతుకు."

ఆమె తండ్రి మొహం చూసింది. ఆ తర్వాత పైన ఒక లైను రాసింది. ఆ మహా ప్రోగ్రాములో మనిషి చేత్తో రాసిన లైను అదొక్కటే.

*

శనివారం టీవీలో ఆగయ్య పేరు వచ్చింది. ఆరు సాంచాలు.

ఆగయ్య మొదట కదల్లేదు. పక్కవాడు భుజం తట్టాక కదిలాడు. మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు, కళ్లు కనిపించకుండా లాక్కోవాలన్నట్టు. పోయి తన సాంచాల మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్కదాని కండెను మోసే నాడా బయటకు తీసి, కండె చూసి, మళ్లీ పెట్టాడు. హ్యాండిల్ వేశాడు. ఆ పొద్దంతా తల ఎత్తలేదు. ముత్యం రెండుసార్లు అటు పోయి వచ్చాడు. పని లేకున్నా పోయాడు.

మూడోసారి పోతుంటే తలుపు దగ్గర బిక్షపతి కనిపించాడు. మెట్టు మీద కూర్చొని ఫోను చూస్తున్నాడు.

"ఏందిరా, సాంచాలు ఇడిచిపెట్టి కూసున్నవ్?"

"నాకున్నయా ఇడిచిపెట్టనీకి? ఇయ్యాల డబ్బాకు నా మీద మనసు పోయింది కాకా." బిక్షపతి నవ్వాడు. "పంచాంగం నాకు తిరగవడ్డది."

ముత్యం టీవీ దగ్గరికి పోయి చూశాడు. పైనుంచి కింది దాకా పోయాడు. బిక్షపతి పేరు లేదు.

"ఒక్కరోజే కావచ్చు," అన్నాడు తిరిగి వచ్చి.

"ఆగయ్య మామకు గూడ ఒక్కరోజే అన్నరు." బిక్షపతి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు నవ్వు లేదు. "ఇంట్ల ముగ్గురు పిల్లలు. ఊరికి పోదామంటె రైల్ల పరీక్ష చేస్తరట. ఏం చెయ్యాలె కాకా?"

బిక్షపతికి తనేం చేశాడో ముత్యానికి తెలుసు. తన సాంచా మీద పోగు తెగి చాలాసేపు అయింది. పోయి చూస్తే బట్టలో వేలెడు వెడల్పున చార పడింది. ఆ టాకా, అంటే ఆ తాను, దండుగ. ఇరవై ఏళ్లలో అతని చేతి కింద అలాంటి చార పడలేదు.

ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే అన్నాడు. "బిక్షపతి పేరు పోయింది."

నీరజ కళ్లు మూసుకుంది. "ఉన్న సాంచాలు అన్నే గద బాపు. ఒకలకు ఇస్తె ఒకలకెల్లి తీస్తది. యాడికెల్లి తీయాలె అన్నది ఆ చెత్తలనే యాడనో ఉంటది."

"వాని పేరు గూడ రాయి."

"రాస్త. సోమవారం ఇంకొకల పేరు పోతది. వాళ్లదీ రాస్త. ఎన్ని రాయాలె?"

"మనిషి ఉత్తగ కూసుంటె దానికేమన్న కోత పడ్తదా?"

"పడదు. మీటర్లే లెక్క. సేఠ్ మీటర్లే అడిగిండు, నేను మీటర్లే పెట్టిన."

"పెట్టింది నువ్వు."

"ఔ, నేనే," అంది నీరజ. "కొస ఇడిచిపెట్టి అతుకుమన్నది నువ్వు. అడిగింది సేఠ్. లేనోడు ఆగయ్య మామ. ఇంకేం కావాలె నీకు? పోలీస్‌టేషన్ల రాయించుకో."

ముత్యం చెప్పులు విప్పాడు. ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. సరిచేయలేదు.

"మొదటికెల్లి చెయ్యి," అన్నాడు చివరికి. "కొస ఉంచకు."

*

ఆదివారం పొద్దున ఆమె మొదలుపెట్టింది. వెయ్యి పిచ్చి ప్రోగ్రాములు, ఏ తల్లీ లేనివి. ఈసారి లెక్క మార్చింది. పొడుగు పెరిగిన ప్రతి లైనుకూ కొన్ని మీటర్లు కోత. సాంచా లేక మిగిలిన ప్రతి మనిషికీ ఇంకా ఎక్కువ కోత. ఎంత కోత పెట్టాలో ఆమెకే తెలియదు. ఒక అంకె వేసింది, చెరిపింది, ఇంకోటి వేసింది. కోత ఎక్కువైతే ప్రోగ్రాములు భయపడి ఏమీ చెయ్యని రెండు లైన్లకు కుంచించుకుపోయాయి. తక్కువైతే గంటలోనే మళ్లీ ఒళ్లు చేశాయి. ముత్యం పక్కన కూర్చొని లాప్‌టాప్ కింద తడిగుడ్డ పెట్టిన స్టీలు పళ్లెం మారుస్తున్నాడు. పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు. దగ్గు ఆగినప్పుడల్లా ఇద్దరూ తలెత్తారు.

మధ్యాహ్నం దాటాక ఆమె, "విను," అంది. ఒక్క గుక్కలో చదివింది. ఖాళీ సాంచా ఉంటే, ఎక్కువ రోజులు సాంచా లేకుండా ఉన్నవాడికి ముందు. అందరికీ కొన్ని పడ్డాక, మిగిలినవి చెయ్యి తిరిగినవాడికి. బీము అయిపోయే సాంచాకు కొత్త బీము, ముడేసేవాడు దగ్గరున్నప్పుడు. అయిపోయింది.

"గంతేనా?"

"గంతే. మీటర్లు తగ్గుతయి. సర్ ఊకోడు."

"పాతది?"

"తీసేసిన."

"ఎక్కడన్న ఉంచినవ్ గద?"

"ఉంచితె రేపు పొద్దుగాల అదే పెట్టు అంటరు. నేనూ పెడ్త. నా సంగతి నాకు తెలుసు." ఆమె లాప్‌టాప్ మూసింది. ఫ్యాను మొదటిసారి మనుషుల వైపు తిప్పింది.

కొస లేకుండా కోసిన అచ్చు ముత్యం కళ్ల ముందు నిలబడింది. కోయమన్నది తనే.

*

సోమవారం టీవీలో అందరి పేర్లూ ఉన్నాయి.

ముత్యానికి నాలుగు సాంచాలు. ఆగయ్యకు ఆరు, బిక్షపతికి ఐదు. షెడ్డులో అందరికంటే ఎక్కువ మీటర్లు దించే గణపతికి మొన్నటిదాకా పది ఉండేవి, ఇప్పుడు ఐదు. గణపతి టీవీ కింద నిలబడి పరమేశ్వర్‌ను పిలిచాడు.

"ఏంది మాస్టర్ గిది? సగం కూలితోని ఇంటికి పోవాల్నా?"

"నాకేం తెలుసు. కంపెనీకి ఫోన్ చేసిన. చూస్తమన్నరు."

"చెయ్యి రానోనికి, వచ్చినోనికి ఒక్కటే లెక్కనా? ఈ డబ్బా చేసినోని చేతులు ఇరిగిపోను."

నలుగురు అవునన్నారు. మొన్నటిదాకా ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నవాళ్లు వాళ్లు. ఇంకొకడు తల్లిని కలిపి తిట్టాడు.

"నా బిడ్డ చేసింది," అన్నాడు ముత్యం.

గణపతి నోరు తెరిచి మూశాడు. తల్లిని తిట్టినవాడు టీవీ వైపు తిరిగాడు.

"నీరజనా?" అన్నాడు బిక్షపతి. వాడి మొహంలో ఏదో లెక్క నడుస్తోంది. "మరి శనివారం నా పేరు ఎవలు తీసిర్రు కాకా?"

"ఆగయ్యకు పెట్టుమని నేనే చెప్పిన. నీది పోతదని తెల్వది."

బిక్షపతి తన ఐదు సాంచాల వైపు పోయాడు. జోకు వెయ్యలేదు. ఒక్కొక్కరూ కదిలారు. ఆగయ్య ఒక్కడే మిగిలాడు. ముత్యం అతని మొహం చూశాడు. థాంక్స్ ఏమీ ఆశించలేదు. అయినా అలాంటి మొహం ఆశించలేదు.

"రెండు వారాలు నేను ఈ టీవీ ముంగట నిలవడ్డ," అన్నాడు ఆగయ్య మెల్లగా. "రోజు నువ్వు నా పక్కకే నిలవడ్డవ్. ఉందా అని నిన్నే అడిగిన."

"నౌకరి పోతదని..."

"ఔ. పోతది."

ఆగయ్య లోపలికి పోయాడు. ఆ పొద్దు ముత్యం సాంచాల మీద పోగు తెగినప్పుడు ముత్యమే వచ్చేదాకా తెగే ఉంది.

సద్ది వేళకు ఫోను మోగింది. నీరజ. కంపెనీవాళ్లు పాతది పెట్టుమన్నారని, లేదని చెప్పానని, రేపు ఆఫీసుకు రమ్మన్నారని చెప్పింది. గొంతులో వణుకు లేదు. సరే అన్నాడు.

షెడ్డు వెనక రేకుల నీడలో కారీగర్లు సద్దులు విప్పుతారు. గోడ మీద రెండు గజాల దూరం అని ఏడాదిగా రాసి ఉంది. దాని కిందే ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టి తింటారు. ముత్యం కూర్చున్న చోటికి ఎవరూ రాలేదు. అందరికంటే ఆఖరున ఆగయ్య వచ్చాడు. అదే గట్టు మీద, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టే జాగా విడిచి కూర్చున్నాడు. ఆ దూరం రోగానికో, తనకో ముత్యం అడగలేదు.

ఆగయ్య రొట్టె తుంచాడు. నమిలాడు. ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ అడిగాడు.

"రేపు ఉంటదా నా పేరు?"

రేపు ఏది నడుస్తుందో, ఎవరు నడుపుతారో ముత్యానికి తెలియదు. "తెల్వది బావా," అన్నాడు.

"నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది ముత్యం," అన్నాడు ఆగయ్య.

సూరత్‌కు వచ్చిన నాటి నుంచి అతను ముత్యాన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.